టీసీ లేని దేశంలో

తొమ్మిదేళ్ళు విజయవాడలో ఓ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషికి బడుల గురించి ఇంకొకరు నేర్పాలా? అక్కర్లేదని కోటేశ్వరి గట్టి నమ్మకం. సెక్షనుకి తొంభై మంది పిల్లలు, పొద్దున్నే ఆరింటికి స్టడీ అవర్, ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం గోడమీద ర్యాంకుల పట్టీ. ఇవన్నీ ఆమె చూసింది, చేసింది, చేయించింది. తన క్లాసులో సుద్దముక్క కిందపడితే చప్పుడు వినపడేదని ఆమే చెప్పుకునేది. ఆమె గొంతు ఒకసారి విన్నవాళ్ళెవరూ దాన్ని కాదనరు.

అలాంటి కోటేశ్వరి భర్త ఉద్యోగం వెంట ఐర్లండు వచ్చింది. సాయికృష్ణది చెర్రీవుడ్‌లో సాఫ్ట్‌వేర్ పని. డబ్లిన్ చుట్టూ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. ఇళ్ళ అద్దెలు కొండెక్కి కూర్చున్నాయి. అందుకని సగం మంది మనవాళ్ళలాగే వీళ్ళూ డబ్లిన్ బయట నేస్ అనే ఊరు వచ్చిపడ్డారు. సాయికృష్ణ పొద్దున్నే కారెక్కితే మళ్ళీ రాత్రి భోజనానికే. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఆ లోటు కనపడకుండా కోటేశ్వరి చూసుకునేది.

ఎనిమిదేళ్ళప్పుడు వచ్చిన కూతురు వర్షిణికి ఇప్పుడు పదిహేను. అమ్మ తెలుగులో అరిస్తే ఆ పిల్ల ఇంగ్లీషులో, అదీ అక్కడి కిల్డేర్ జిల్లా యాసలో సాగదీసి జవాబు చెప్పేది. చదివేది ఊరి చివర నీలం గేటున్న సర్కారు బడి. ఊళ్ళో అంతా దాన్ని ‘కమ్యూనిటీ’ అంటారు. చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలంతా అక్కడికే. ఉద్యోగాలు పెరిగేకొద్దీ ఊళ్ళోకి ఎవరొచ్చినా వాళ్ళ పిల్లలు తేలేది ఆ గేటు దగ్గరే. వర్షిణి క్లాసు ఫొటో చూస్తే అందులో ఇరవై నాలుగు మొహాలు. పోలండు, బ్రెజిల్, నైజీరియా, సిరియా, లాత్వియా, ఫిలిప్పీన్స్. ఊరూరా తిరిగే ఇక్కడి ట్రావెలర్ కుటుంబాల పిల్లలు ఇద్దరు. మిగతావాళ్ళు ఊరివాళ్ళు.

“ఇది క్లాసా, ఎయిర్‌పోర్టా?” అంది కోటేశ్వరి ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు.

ఆమెకి అసలు మంట పుట్టించింది మాత్రం తల్లిదండ్రుల సమావేశం. పెద్ద హాల్లో టీచర్లంతా తలో బల్ల వేసుకుని కూర్చుంటారు, ఒక్కొక్కరి దగ్గరా అయిదేసి నిమిషాలు. సైన్సు చెప్పే లెనిహన్ అనే ఆయన బల్ల దగ్గర కూర్చుని కోటేశ్వరి సూటిగా అడిగింది, “క్లాసులో మా అమ్మాయిది ఎన్నో ర్యాంకు సార్?” అని. ఆయనకి యాభై పైనే ఉంటాయి. కుడి మోకాలు బాగోక కాలు చాపుకుని కూర్చున్నాడు. “మేం అట్లా లెక్కపెట్టమండీ. వర్షిణి ఉంటే ఆ గదే బాగుంటుంది. అది మాత్రం చెప్పగలను,” అన్నాడు.

కోటేశ్వరి ఇంటికొచ్చేదాకా ఆగి మొగుడి మీద విరుచుకుపడింది. “గది బాగుండటానికి నా కూతురేమన్నా పూలకుండీనా అండీ? ర్యాంకు అడిగితే రూము సంగతి చెప్తాడేంటి!”

దానికి తోడు పేపర్లో జాబితా ఒకటి. ఏ బడి నుంచి ఎంతమంది యూనివర్సిటీలకి వెళ్ళారో ఏటా శీతాకాలంలో ఇక్కడి పేపర్లు లెక్క వేసి అచ్చేస్తాయి. కోటేశ్వరి ఆ పేజీని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. పది కిలోమీటర్ల దూరంలో నది పక్కనున్న బడి జాబితా నెత్తిన ఉంది, నూటికి తొంభై ఎనిమిది. కమ్యూనిటీ కోసం వేలు కిందికి, ఇంకా కిందికి జరపాలి. యాభై మూడు. ఇంగ్లీషు ముక్క రాకుండా వచ్చిన పిల్లలు రెండేళ్ళలో నోరు విప్పి కరెంటు పని నేర్చుకుని జీతం తెచ్చుకుంటే ఆ జాబితాలో వాళ్ళకి సున్నా. ఆ సంగతి జాబితా చెప్పదు. కోటేశ్వరి అడగనూలేదు.

ఏప్రిల్లో డాక్టరు లీలారాణి ఇంట్లో భోజనాలకి పిలిచారు. ఆవిడ నెల్లూరు మనిషి, ఇక్కడి సర్కారు ఆస్పత్రిలో మత్తు డాక్టరు. వాళ్ళ పెద్దమ్మాయి నది పక్క బడిలో చదివి ఆ యేడే మెడిసిన్‌లో చేరింది.

“మీ పాప ఏ స్కూలు కోటేశ్వరీ?”

“కమ్యూనిటీ అండీ.”

“ఓహో. అక్కడ అన్ని రకాల పిల్లలూ ఉంటారు కదమ్మా,” అంది లీలారాణి పులిహోర వడ్డిస్తూ. “మేమైతే మా పాప రెండో క్లాసులో ఉన్నప్పుడే అక్కడ పేరు రాయించినాం.”

ఆ రెండు మాటల్లో మొదటిదే కోటేశ్వరి చెవిలోకి వెళ్ళింది. రెండోది పులిహోరతో పాటు కిందికి దిగిపోయింది.

*

“వర్షిణిని అక్కడ చేరుస్తన్నా,” అని మే నెలలో ప్రకటించింది. ఈ దేశంలో మూడో ఏడాది చివర జూనియర్ సర్ట్ అని ఓ పరీక్ష, మన పదో తరగతిలాంటిది. దాని తర్వాత పరీక్షలే లేని ఏడాది ఒకటి ఉంటుందట, వంటలూ కొండలెక్కడాలూ నేర్పుతారట. కోటేశ్వరి అది వినగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, కూతురు నేరుగా అయిదో ఏడాదికి పోయేట్టు సంతకం పెట్టేసింది. ఇప్పుడు ఆ అయిదో ఏడాది కొత్త బడిలో.

“ముందు అక్కడ సీటుందో లేదో కనుక్కోవచ్చు కదా కోటీ?” అన్నాడు సాయికృష్ణ.

“టీసీ లేకుండా సీటెవడిస్తాడండీ? నేను తొమ్మిదేళ్ళు చూశా. ముందు టీసీ చేతిలో ఉండాల. మార్కులు మనకెట్టాగూ ఉన్నయ్. టీసీ, మార్కులు రెండూ పట్టుకుపోతే ఎదురొచ్చి తీసుకెళ్తారు.”

వర్షిణి మెట్ల మీద నిలబడి అంతా వింది. “మామ్, ఐ లైక్ మై స్కూల్,” అంది.

“నచ్చడానికి అదేమన్నా ఐస్‌క్రీమా? పో, చదువుకో.”

ఆ సాయంత్రమే కోటేశ్వరి కమ్యూనిటీకి ఈమెయిల్ కొట్టింది. మే ముప్ఫై ఒకటి నుంచి మా అమ్మాయి మీ విద్యాసంస్థను వదిలి వెళ్తున్నది, కావున ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, కాండక్ట్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ వీలైనంత త్వరగా ఇప్పించ ప్రార్థన, అని. రాసిన భాష చూసి తనే మెచ్చుకుంది.

మర్నాడు ఫోను మోగింది. బడి నంబరు. కోటేశ్వరి ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ మోగింది. బల్లమీద ఫోను గిరగిరా తిరుగుతుంటే ఆమె చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది.

“ఎత్తవేం?” అన్నాడు ఆ రోజు ఇంట్లోంచే పనిచేస్తున్న సాయికృష్ణ.

“నాకు తెలీదా వీళ్ళ ఎత్తులు! బాగా చదివే పిల్ల పోతందంటే గుండెల్లో రాయి పడ్డది. బతిమాలతారు, స్పెషల్ సెక్షన్‌లో వేస్తామంటారు, వినకపోతే సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మా కాలేజీలో జూన్ వస్తే ఆ ఫోన్లు చేసింది ఎవరనుకున్నారు? నేనే. రెండుసార్లు ఎత్తకపోతే మూడోసారికి దిగొస్తారు.”

మూడోసారి ఫోను మోగలేదు. వారం తర్వాత ఓ ఉత్తరం వచ్చింది. వర్షిణి వెళ్ళిపోతున్నందుకు మాకు చాలా బాధగా ఉంది, మీరు సీటు వదులుకున్నారు కాబట్టి ఎదురుచూస్తున్నవాళ్ళలో మొదటివారికి దాన్ని ఇస్తున్నాం, ఆమె ఏ బడిలో చేరితే వివరాలు ఆ బడికే నేరుగా పంపుతాం, ఆమెకి అంతా మంచే జరగాలి. కింద బ్రైడీ అనే ఆఫీసు ఆవిడ సంతకం.

“చూశారా, టీసీ నేరుగా అక్కడికే పంపుతారంట!” అంది కోటేశ్వరి గెలిచినదానిలా.

*

జూన్లో వర్షిణి పాత బడిలోనే జూనియర్ సర్ట్ పరీక్షలు రాసింది. ఆఖరి పరీక్ష అయిన మర్నాడు కోటేశ్వరి పట్టుచీర కాదుగానీ దానికి దగ్గర్లో ఉన్నది కట్టుకుని, లావుపాటి ఫైలు చంకన పెట్టుకుని నది పక్క బడికి వెళ్ళింది. ఒకటో తరగతి నుంచి ఉన్న మార్కుల కాగితాలన్నీ ఆ ఫైల్లో ఉన్నాయి. లెక్కల పోటీలో గెలిచిన సర్టిఫికెట్ అన్నిటికన్నా పైన పెట్టింది.

లోపలున్నావిడ చాలా మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇల్లెక్కడ అని అడిగింది. ఈ బడిలో అన్నలో అక్కలో చదివారా అని అడిగింది. పేరు ఎప్పుడు రాయించారని అడిగింది. చివరికి కంప్యూటర్లో చూసి, “పేరు రాసుకుంటానండీ. మీది నలభై మూడోది అవుతుంది. అయిదో ఏడాదిలో ఒక్క ఖాళీ కూడా లేదు,” అంది.

“మార్కులు చూడండి మేడమ్,” అని కోటేశ్వరి ఫైలు ముందుకి తోసింది.

“మార్కులు చూసి పిల్లల్ని చేర్చుకోవడానికి మాకు వీల్లేదండీ. అది ఇక్కడి చట్టం.” ఆవిడ ఫైలుని మెల్లగా వెనక్కి జరిపింది. అట్ట కూడా తెరవలేదు.

కోటేశ్వరి ఆ ఫైలు కట్టడం మొదలుపెట్టి పదేళ్ళయింది. దాన్ని తెరవకుండా వెనక్కిచ్చినవాళ్ళు ఆ రోజు దాకా లేరు. బస్సులో కూర్చున్నాక గానీ ఆమెకి విషయం పూర్తిగా తలకెక్కలేదు. అక్కడ సీటు లేదు, ఇక్కడ సీటు తనే ఊడబెరికి ఎవరికో ఇచ్చేసింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. తను చెడితే సరే, చెడింది పిల్ల.

జూలై అంతా చుట్టుపక్కల ఊళ్ళ బడులకి ఫోన్లు చేసింది. కొన్ని సెలవుల్లో ఉన్నాయి, తక్కినవి జాబితాలో రాసుకున్నాయి. లీలారాణికి చెప్పడానికి నామోషీ. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడగడానికి అంతకన్నా నామోషీ. “ప్రాసెస్ అవుతంది,” అని కూతురితో రోజూ ఒకటే మాట. ఆగస్టు నడిమికి వచ్చాక సాయికృష్ణ తనంతట తనే కమ్యూనిటీకి ఫోను చేశాడు. వర్షిణి సీటు ఇంకో అమ్మాయికి ఇచ్చారట, ఆ అమ్మాయి చేరిపోయిందట. యూనిఫారం కూడా కొనేసుకుందట.

ఆ శనివారం వర్షిణి వంటింట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను. స్నేహితులంతా లాకరు నంబర్ల గురించి మెసేజీలు పెట్టుకుంటున్నారు.

“విచ్ స్కూల్ యామ్ ఐ ఇన్, మామ్?”

కోటేశ్వరి గరిటె పక్కన పెట్టింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. రాలేదు.

“ఏ స్కూల్లోనూ లేవు తల్లీ. నేనే పాడుచేశా.”

ఆ పిల్ల అరిచినా బాగుండేది. పెరట్లోకి వెళ్ళి హర్లీ కర్ర తీసుకుని బంతిని గోడకేసి కొట్టడం మొదలుపెట్టింది. ఆ బడిలోనే నేర్చుకున్న ఆట అది. చెక్క చివర వెడల్పుగా ఉండే కర్ర, రాయంత గట్టి తోలు బంతి. టప్పు, టప్పు, టప్పు. అన్నం వండేదాకా అదే చప్పుడు, తిన్నాక మళ్ళీ అదే చప్పుడు. పక్కింటావిడ కిటికీలోంచి ఒకసారి తొంగిచూసింది. కోటేశ్వరి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అంటించిన పేపరు ముక్క పీకి చెత్తబుట్టలో పడేసింది. అంతటితో ఏమీ తేలిక కాలేదు.

*

సెలవులైపోయి ఆఫీసు అందరికీ తెరిచిన రోజునే తల్లీకూతుళ్ళిద్దరూ నీలం గేటు దాటి లోపలికి వెళ్ళారు. వర్షిణి బయట బెంచీమీద కూర్చుంటానంది. కిటికీ వెనకాల బ్రైడీ ఉంది. అరవైకి దగ్గరున్న మనిషి, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతోంది.

“మీకు నేను రెండుసార్లు ఫోన్ చేశానండీ,” అంది బ్రైడీ, నిష్ఠూరంగా కాదు, నిజంగానే అర్థంకాక. “అక్కడ సీటు ఖాయమయ్యిందా, లేకపోతే ఇది వదులుకోవద్దు అని చెబుదామని చేశాను.”

“తెలుసు. కావాలనే ఎత్తలేదు,” అంది కోటేశ్వరి.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఆపలేదు. టీసీ అంటే ఏమిటో, తమ ఊళ్ళో అది లేందే ఏ బడీ ఎందుకు గుమ్మం తొక్కనివ్వదో, తన కాలేజీలో పోతామన్న పిల్లల సర్టిఫికెట్లు ఎలా ఆపేవాళ్ళో, ఆ ఫోన్లు తనే ఎలా చేసేదో అంతా చెప్పేసింది. వాళ్ళూ అలాగే చేస్తున్నారనుకున్నానని కూడా చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, పడనీ అనుకుంది.

బ్రైడీ కళ్ళజోడు పెట్టుకుని ఆమెని చూసింది. “పిల్ల కాగితాలు ఇవ్వకుండా ఆపుతారా? ఆ పిల్ల మరి ఎక్కడికి పోవాలి?”

తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న కోటేశ్వరిని ఎవరూ అడగలేదు. పోనీ తనైనా వేసుకుందా అంటే, అదీ లేదు.

“అయ్యో పాపం, కూర్చోండి,” అంది బ్రైడీ, లోపలికి వెళ్ళి ప్రిన్సిపల్‌ని తీసుకొచ్చింది.

మిసెస్ గెరటీ పొడుగ్గా, గట్టిగా ఉండే మనిషి. మాట కూడా అంతే. “ఆ సీటు వెనక్కి తీసుకోలేనండీ. ఆ అమ్మాయి ఏడాదిగా ఎదురుచూస్తోంది. వాళ్ళకి ఇక్కడ ఇంకే బడీ లేదు.”

ఒక్క క్షణం కోటేశ్వరి నాలుక చివరదాకా వచ్చింది, మా పిల్ల మూడేళ్ళుగా ఇక్కడిదే కదా అని. మింగేసింది. “తీసుకోమని అడగను మేడమ్. వేరే దారి ఏదన్నా ఉంటే చెప్పండి.”

ఒక్కటే దారి ఉందట. క్లాసులో ఇరవై నాలుగుకి బదులు ఇరవై అయిదు చెయ్యాలి. మామూలు గదుల్లో పరవాలేదు. చిక్కల్లా కెమిస్ట్రీ ల్యాబులో. ఆసిడ్లూ మంటలూ ఉండే చోట ఇరవై నాలుగుకి మించి పిల్లల్ని పెట్టకూడదని టీచర్ల పట్టు, అది న్యాయమైన పట్టు. వాళ్ళంతట వాళ్ళు ఒప్పుకుంటేనే. సోమవారం టీచర్ల సమావేశం ఉంది, అందులో అడిగి చూస్తానంది మిసెస్ గెరటీ.

కోటేశ్వరి వెంటనే సంచిలోంచి ఫైలు తీసింది. “ఇది వాళ్ళకి చూపించండి మేడమ్. పరీక్షలు కూడా బాగా రాసింది, పదింటికి పదీ…”

“ఆ ఫలితాలు అక్టోబరులో కదా వచ్చేవి?” అంది మిసెస్ గెరటీ. “ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. అందులో ఏముందో వాళ్ళెవరూ అడగరు.”

మార్కులు లేకుండా మరి దేన్ని చూసి ఒప్పుకుంటారు? ఇంటికి నడుస్తున్నంతసేపూ కోటేశ్వరికి అదే గుబులు. చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ పనికిరాదన్నారు. శుక్రవారం, శనివారం, ఆదివారం ఆమెకి అన్నం సయించలేదు. విజయవాడలో ఉన్నప్పుడు పరీక్షలకి ముందు పిల్లలు కొందరు అన్నం మానేసేవాళ్ళు. ‘వేషాలు వెయ్యకండి’ అని కసిరేది. ఆ కసిరిన గొంతు ఇప్పుడు ఆమె చెవిలోనే మోగింది.

సోమవారం పదకొండున్నరకి ఫోను మొదటి రింగు పూర్తికాకుండానే ఎత్తింది.

“బుధవారం మిగతావాళ్ళతో పాటు పంపించండి,” అంది బ్రైడీ.

కోటేశ్వరి మెట్లమీద కూలబడింది. “ఏమన్నారండీ? ఏం చూసి ఒప్పుకున్నారు?”

“చూడటానికేముంది! మిసెస్ గెరటీ పేరు చదివింది. ల్యాబు లెనిహన్ గారిది కదా, అందరూ ఆయన వైపు చూశారు. ‘వర్షిణి మన పిల్ల. ఇందులో మాట్లాడుకోవడానికి ఏముంది?’ అన్నాడాయన. ఎవరూ కాదనలేదు. తర్వాత బస్సు టైముల మీద ముప్పావుగంట కొట్టుకున్నారు.”

బ్రైడీ నవ్వింది. కోటేశ్వరికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఫోను పెట్టేశాక మెట్లమీదే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మార్కు అడగలేదు, ర్యాంకు అడగలేదు, ఏ దేశమని అడగలేదు. వాళ్ళని అన్నన్ని మాటలు అన్న తల్లి ఎవరో తెలిసీ ఒక్క మాట అనలేదు. మన పిల్ల అన్నారు. “మీ కడుపు చల్లగుండ,” అంది ఎదురుగా ఎవరూ లేకపోయినా పైకే.

చప్పుడికి వర్షిణి పైగదిలోంచి దిగి వచ్చి పక్కన కూర్చుంది. సంగతి చెప్పగానే ఆ పిల్ల కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

“తప్పు నాదే తల్లీ. నిన్ను అడగాల్సింది. నువ్వు చెప్పినా నేను వినలేదు.”

“ఇట్స్ గ్రాండ్, మామ్.” పరవాలేదు అనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

“గ్రాండ్ కాదు. నన్ను నాలుగు తిట్టు.”

వర్షిణి తిట్టడం మానేసి, తల తెచ్చి అమ్మ భుజం మీద పెట్టింది. చాలా ఏళ్ళయింది ఆ తల అక్కడికొచ్చి.

*

సెప్టెంబరు రెండో వారంలో ఓ సాయంత్రం దోసె తింటూ వర్షిణి మాటవరసకి అంది. ల్యాబులో ఇరవై నాలుగే స్టూళ్ళు ఉన్నాయట. బల్లల ఎత్తుకి సరిపోయేవి వేరే గదుల్లో లేవట. కొత్తది కావాలని రాశారుగానీ అది క్రిస్మస్‌కి గానీ రాదట.

“మరి నువ్వు దేనిమీద కూర్చుంటన్నావే?”

“మిస్టర్ లెనిహన్ స్టూలు.”

“ఆయన?”

“హీ స్టాండ్స్. హీ సేస్ హీ ఈజ్ గ్రాండ్.”

కోటేశ్వరి పెనం మీద దోసె మాడిపోయింది. మోకాలు బాగోని మనిషి. రోజంతా క్లాసుల తర్వాత క్లాసులు. ఆమె స్టవ్ ఆపేసి, ఇంచీల టేపు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది, రేపు ఆ స్టూలు ఎత్తు కొలుచుకు రమ్మని. “ఓ మామ్, ప్లీజ్, నో,” అంది వర్షిణి, అమ్మ ఏం చెయ్యబోతోందో పోల్చుకుని. కొలిచి మాత్రం తెచ్చింది.

శుక్రవారం సాయికృష్ణ ఇంటి నుంచి పని అని చెప్పి కారు తీశాడు. రెండు దుకాణాలు తిరిగి, వీపు ఆనించుకోవడానికి వెనక పట్టీ ఉన్న ఎత్తు స్టూలు ఒకటి కొన్నారు. భార్య దాన్ని మోసుకుంటూ గేటు దాటి పోతుంటే అతను కార్లోనే ఉండిపోయాడు. రమ్మంది. “నువ్వెళ్ళు కోటీ, ఇది నీదే,” అన్నాడు.

బ్రైడీ స్టూలు వైపు చూసి, కోటేశ్వరి మొహం చూసి, తనే ముందు నడిచి ల్యాబు తలుపు కొట్టింది.

ఇరవై అయిదు మొహాలు ఒక్కసారి ఇటు తిరిగాయి. మూడో వరసలో వర్షిణి బల్ల కిందికి దూరిపోతే బాగుండునన్నట్టు తల వంచుకుంది. లెనిహన్ బోర్డు దగ్గర ఒక కాలిమీదే బరువు వేసి నిలబడి ఉన్నాడు. తన కూతురి సీటు తీసుకున్న పిల్ల వీళ్ళలో ఎవరో అని కోటేశ్వరి కళ్ళు వెతకబోయాయి. వెంటనే ఆమె ఆ వెతకడం మానేసింది. ఎవరైతే ఏం, కూర్చున్నారు కదా అందరూ.

స్టూలు ఆయన ముందు దింపింది. దారి పొడుగునా ఇంగ్లీషులో ఒక థాంక్యూ ఉపన్యాసం కూర్చుకుంది. తీరా ఆయన ముందు నిలబడ్డాక అందులో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

“సార్, నేనూ టీచర్నే. తొమ్మిదేళ్ళు చెప్పాను,” అంది. “తొమ్మిదేళ్ళలో ఒక్క పిల్లకి కూడా నా కుర్చీ ఇవ్వలేదు.”

లెనిహన్ చేతికంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత స్టూలు తీసుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, వర్షిణి బల్ల చివర వేశాడు.

“అయితే ఈ ఒక్క పీరియడ్‌కీ మీరు కూర్చోండి టీచర్,” అన్నాడు. “సోమవారం నుంచి నేను కూర్చుంటాను.”

టీచర్ అని ఆమెని పిలిచి ఏడేళ్ళయింది ఎవరైనా. కోటేశ్వరి వెళ్ళి కూర్చుంది. వర్షిణి తల ఎత్తకుండానే పుస్తకం మెల్లగా జరిపి ఇద్దరి మధ్యలో పెట్టింది. ఆ పక్కనున్న పిల్ల చోటు చాలడానికి తన మోచెయ్యి తీసుకుంది.